పుక్కిలించకుండా చదివిన పారాయణం

శక్తినగర్‌లో, థర్మల్ ప్లాంటు క్వార్టర్స్‌లోని మా ఇంట్లో స్వామి పద్యాల పారాయణం నడుస్తోంది. పద్యం మధ్యలో నాలుక తగిలి పై ముందు పన్ను కదిలింది. ప్రాణం జివ్వుమంది. పుస్తకం పక్కామెకు ఇచ్చేశాను. కాపురానికి వచ్చినప్పటి నుంచి పుస్తకం నా చేతిలోనే ఉండేది.

రాయచూరులో డెంటల్ డాక్టరమ్మ ఎక్స్‌రే చూసి, పంటి వేరు నిలువుగా చీలింది, తీయాల్సిందే అంది. నాతో వచ్చిన మా పెద్దాడబిడ్డ వదిన నవ్వింది.

"గింత దానికి ఆసుపత్రేందే సుశీలా? దారం కట్టి గుంజితె వస్తది. నా లెక్క సెట్టు పెట్టుకో."

ఆమె కట్టుడు పళ్ల సెట్టు రెండు మాటలకొకసారి జారుతుంది. జారే పళ్లతో స్వామి నామం చదవను, ఎముకలో బిగించే ఇంప్లాంటే పెట్టించుకుంటానని మొండికేశాను.

"అట్లయితే గుంజుడు ముచ్చట వద్దమ్మా," అంది డాక్టరమ్మ. "ముందటి ఎముక కాగితమంత పల్చగుంటది. అది విరిగితే ఇంప్లాంట్ దేంట్ల నిలవాలె?"

మత్తిచ్చి, సన్నటి పనిముట్టుతో పన్ను చుట్టూ నెమ్మదిగా వదులు చేసి తీసింది. నాకు ఒత్తిడి తప్ప నొప్పి తెలియలేదు. ఆ గుంతలో ఎముక పెరగడానికి బోన్ గ్రాఫ్ట్ పొడి నింపి కుట్లు వేసింది. రేపటి దాకా పుక్కిలించొద్దు, ఉమ్మొద్దు, అక్కడ గడ్డకట్టిన రక్తమే మందు అని మరీ మరీ చెప్పింది.

ఆ సాయంత్రమే పారాయణం. నోరు పుక్కిలించనిదే మా ఇంట్లో ఎవరూ పుస్తకం ముట్టరు. నా నోట్లో చూస్తే రక్తం. వదిన చెంబు అందించింది. పుక్కిలించాను. కుట్టు ఊడి, పొడి నీళ్లతో పాటు బయటికొచ్చింది. చెవి దాకా సలుపు.

మర్నాడు డాక్టరమ్మ మళ్లీ నింపి కుట్టింది. "దేవునికి కోపం రాదేమో గానీ నాకొస్తది. ఇంకోపారి పోతే నా చేతిల ఏం లేదు," అంది.

ఆ రోజు ఏకాదశి, మళ్లీ పారాయణం. మళ్లీ చెంబు.

"రక్తపు నోటితోని పుస్తకం ముడతావే?" అంది వదిన, అందరి ముందూ.

"మొసలి కాలు పట్టినప్పుడు ఏనుగు మొత్తుకుంటే స్వామి ఉరికొచ్చిండు గద వదినా. పుక్కిలించినంకనే పిలువుమన్నడా?"

చెంబు పక్కన పెట్టి పుస్తకం తీసుకున్నాను. లాలాజలం మింగుతూ, పెదవులు కదిలీ కదలనట్టుగా ఆ రోజు పద్యాలన్నీ నేనే చదివాను. వదిన లేచి వెళ్లిపోతుందనుకున్నాను. చివరి దాకా కూర్చుంది.

నెలలు గడిచి ఎముక గట్టిపడ్డాక ఇంప్లాంట్ పెట్టారు. ఇప్పుడు పుస్తకం నా చేతిలోనే ఉంది, పన్ను కదలదు.

పన్ను తీయించుకునే ముందు ఎముక విరగకుండా తీస్తారా అని డాక్టరును అడగండి. తీయించుకున్న రోజు ఇంట్లో చెంబు దాచిపెట్టండి. స్వామి అడిగితే నా పేరు చెప్పండి.