తేదీ వెయ్యని ఫ్లెక్సీ

నేను ఒంగోల్లో ఫ్లెక్సీ షాపులో డిజైనర్ని. ఆ రోజు ఎవరిదో శ్రద్ధాంజలి ఫ్లెక్సీలో ఫొటో వెనక మబ్బులు పెడుతూ మెడ గోక్కున్నాను. ఉసిరికాయంత గడ్డ తగిలింది. నొప్పి లేదు. నొప్పి లేనిది జబ్బెలా అవుతుందని నెల రోజులు వదిలేశాను. ఆ తెలివికి తోడు సాయంత్రాలు జ్వరం మొదలైంది.

గుంటూరులో బయాప్సీ చేసి హాడ్జ్‌కిన్ లింఫోమా అన్నారు.

"క్యాన్సరే, కానీ బాగా లొంగే రకం. ఆరు సైకిల్స్ కీమో ఇద్దాం" అన్నారు డాక్టరుగారు, మిర్చి యార్డులో సరుకు గురించి చెప్పినట్టు.

అమ్మ ఏడ్చింది. నాకు మాత్రం నా శ్రద్ధాంజలి ఫ్లెక్సీ కళ్ళముందు కనిపించింది. మబ్బులు, దీపం, జననం, మరణం. ఇరవై ఆరేళ్ళ మనిషిని ఎవడో పాత టెంప్లేట్‌లో ఇరికించేస్తాడు. అంతకంటే నాది నేనే చేసుకోవడం నయం అనుకున్నాను.

రెండో కీమో అయ్యాక షాపులో పాడైన ఫ్లెక్సీ ముక్క తెచ్చి, వెనకవైపు రంగులు వేశాను. ఆరగానే పెచ్చులు పెచ్చులుగా రాలాయి, నా జుట్టుతో పోటీపడి. గరుకు కాగితంతో రుద్ది మళ్ళీ వేశాను. నా ముఖం గీసి, రాలిన జుట్టునే దాని తలకి అతికించాను. మబ్బులకి మాత్రల రేకులు వాడాను. కింద పుట్టిన తేదీ రాసి, మరణం పక్కన గడి ఖాళీగా వదిలి, గోడకి తగిలించాను.

మిరపకోతకెళ్ళి వచ్చిన అమ్మ చూసింది.

"బతికుండగా ఈ పాడు బొమ్మేంట్రా? తగలెయ్."

"చచ్చాక వేసుకోవడం కుదరదమ్మా."

మూడు రోజులు అన్నం కంచం మోగేలా పెట్టింది.

మూడో కీమో తర్వాత మళ్ళీ జ్వరం వచ్చింది. చెబితే అమ్మ బొమ్మ మానిపిస్తుందని రెండు రోజులు దాచాను. మూడో రోజు రంగుల మీదే కూలిపోయాను.

"రక్తంలో తెల్లకణాలు దాదాపు లేవు. ఇంకో పూట ఆగితే నా దాకా వచ్చేవాడివి కాదు" అన్నారు డాక్టరుగారు.

ఎనిమిది రోజులకి ఇంటికొచ్చాను. బొమ్మ పొయ్యిలోకి పోయుంటుందనుకున్నాను. గోడకే ఉంది. ఖాళీ గడి నిండా మిరప గింజలు అతికించి ఉన్నాయి.

"నేనే అంటించా" అంది అమ్మ. "ఎవడన్నా అక్కడ తేదీ వెయ్యాలని చెయ్యి పెడితే కళ్ళు మండాలి."

నమ్మలేక గింజలు తడిమి, అదే చేత్తో కళ్ళు తుడుచుకున్నాను. మండాయి. కన్నీళ్ళకి కారణం అదేనని ఇప్పటికీ చెబుతున్నాను.

ఆరో సైకిల్ తర్వాత పెట్ స్కాన్ క్లియర్‌గా ఉందన్నారు. మూడు నెలలకోసారి చెకప్. మళ్ళీ షాపుకి వెళ్తున్నాను.

కీమోలో ఉన్నవాళ్ళకి ఒక్క మాట. ఒళ్ళు వెచ్చబడితే థర్మామీటర్ పెట్టండి. నూరు దాటితే వెంటనే ఆస్పత్రికి ఫోన్ చెయ్యండి. చేతిలో పని పూర్తి చేసి వెళ్దామనుకోకండి. నా బొమ్మ ఇప్పటికీ పూర్తి కాలేదు. పూర్తి చెయ్యాలన్న తొందరా లేదు.