రంగూన్ నుంచి మూడు గంటలు

నిన్నటి వానకు వాకిట్లో గోనెసంచి తడిసింది. ఆ వాసన తగలగానే నెల్లిమర్ల జనపనార మిల్లు, ఆ వెనకే సత్యవతి టీచరు గుర్తొచ్చారు. ముప్పై దాటేవరకు నాకు అక్షరం ముక్క రాదు. పంతొమ్మిదివందల అరవైల చివర్లో మా కూలీల వీధిలో డ్యూటీ దిగినవాళ్ళను కూర్చోబెట్టి ఆవిడ అ ఆలు దిద్దించేవారు. మీసాలున్నవాడు పలక పట్టాడని మా బావ నవ్వితే, ఏమీ అనకుండా అతని చేతిలోనూ ఒక పలక పెట్టారు.

రెండో ఏడు ఎండాకాలంలో మా అయ్య మంచం పట్టాడు. రంగూన్‌లో ఉన్న అన్నయ్యకు టెలిగ్రాం ఇచ్చాం. అయ్య పోయిన రోజు పొద్దున్నే జవాబు వచ్చింది. అది ఇంగ్లీషు, టీచరు చదివారు. ఆ మధ్యాహ్నమే విమానమెక్కి కలకత్తా వస్తున్నాడట. కొరివి పెట్టాల్సింది పెద్దకొడుకు. కానీ శవం లేచేదాకా మా వీధిలో ఏ ఇంటా పొయ్యి వెలిగించరు. అందుకే పెద్దలు ఒకటే అడిగారు, ఎన్ని గంటలు ఆగాలని.

టీచరు అట్లాసు తెరిచారు. కొలవడానికి నేను నారపోగు ఇచ్చి, నేనే పరిచాను, రంగూన్ నుంచి ఒడ్డు వెంబడే వంకరటింకరగా కలకత్తా దాకా. అన్నయ్య అప్పట్లో ఓడలో వెళ్ళినవాడు మరి. "గాల్లో వచ్చేవాడికి ఒడ్డెందుకు సింహాచలం? తిన్నగా లాగు" అన్నారు. పోగును పటం కింద కొలతగీత మీద పెడితే ఆరువందల యాభై మైళ్ళకు కాస్త అటూ ఇటూగా తేలింది. విమానానికి మూడు గంటలు, అక్కణ్ణుంచి మద్రాసు మెయిలు. రేపు మధ్యాహ్నానికి విజయనగరంలో దిగుతాడు, ఆపండి అన్నారు.

బావ సముద్రపొడ్డుకు పోయి చేపల బేరగాళ్ళ దగ్గర మంచుగడ్డలు ఊకలో కప్పి తెచ్చాడు. మర్నాడు నేను స్టేషన్లో నిలబడ్డాను. మెయిలు వచ్చింది, పోయింది. అన్నయ్య దిగలేదు. ఒక్కణ్ణే తిరిగొచ్చేసరికి మంచు కరిగి మంచం కింద మడుగు కట్టింది. పసిపిల్లలకు పక్క వీధి నుంచి గంజి తెచ్చి పోస్తున్నారు. మా మావ నా మీద విరుచుకుపడ్డాడు. "ఆ టీచరమ్మ లెక్కకి మా కడుపులేటి సేసినాయిరా?"

ఆవిడ అప్పటికే వాకిట్లో ఉన్నారు. ముందుకొచ్చి అందరి ఎదుటా నిలబడ్డారు.

"విమానం గాల్లో ఉండే మూడు గంటలే లెక్కేశాను. ఎక్కనిచ్చేదాకా ఎంత పడుతుందో నాకు తెలీదు. తెలీదని నిన్న చెప్పలేదు. తప్పు నాది. సింహాచలాన్ని అనకండి."

అది విని మావే, "లెగండ్రా, కానీండి" అన్నాడు. కొరివి నేనే పెట్టాను.

అన్నయ్య నాలుగోనాడు వచ్చాడు. ఏదో కాగితం తక్కువైందని ఆపేశారట. అతను లేకుండానే విమానం వెళ్ళిపోయింది. జరిగిందంతా విని, "నా కోసం ఈదంతా పొయ్యి ఎలిగించలేదేట్రా?" అని అడిగాడు. అవునన్నాను. లేచి తిన్నగా టీచరు ఇంటికి నడిచాడు. ఎక్కడ తగవు పెట్టుకుంటాడో అని వెనకే వెళ్ళాను. గుమ్మంలో చేతులు కట్టుకుని, "ఒక రోజు ఆపించినారు. నాకది సాలమ్మా" అన్నాడు. ఆవిడ ఏడవడం నేను చూసింది ఆ ఒక్కసారే.

తర్వాత మిల్లులో మేస్త్రీనయ్యాను, నా కింద ముప్పైమంది. నా మాట వల్ల ఎవరి పనైనా చెడితే వాళ్ళు అడిగేదాకా ఆగను. నలుగురిలో నిలబడి తప్పు నాదంటాను. అక్షరాలు రెండేళ్ళలో పట్టుబడ్డాయి. ఈ మాట మాత్రం ఈ వయసులోనూ పూర్తిగా పట్టుబడలేదు. అయినా అంటాను.