నీళ్లడిగే దయ్యానికి కోరలు పెట్టిన ఓబులేసుకు

మా జేజి చెప్పిన దయ్యం కథను తలకిందులు చేసి, వీడియో చేసి నీ పేజీలో పెట్టి, హాలోవీన్ స్పెషల్ అని పేరు తగిలించినావు ఓబులేసూ.

చదివే మిగతావాళ్లకూ తెలియాల. మొదటి నుంచి చెప్తా.

మా చిన్నప్పుడు... ఎండాకాలం మధ్యాహ్నాలు... విత్తనానికి వేరుశెనక్కాయలు వొలిచే పని. పిల్లోళ్లమంతా మా జేజి, అంటే మా నాయన తల్లి, ముందర కూచునేవాళ్లం. ఈ ఓబులేసు మా పక్కింటోడే. నా పక్కనే కూచునేవాడు.

మేం గింజలు తినకుండా ఆమెకొక ఉపాయముండేది. కథ చెప్పేది. ప్రతి మాటకూ మేం 'ఊ' కొట్టాల. నోట్లో గింజ ఉన్నోనికి 'ఊ' సరిగా రాదు గదా!

"ఓబులేసూ, నీ 'ఊ'లో నూనె కారుతాంది. ఉమ్మెయ్" అనేది. అందరం పడీపడీ నవ్వేవాళ్లం.

దయ్యం కథ మొదలైతే మాత్రం ఎవడూ నమిలేవాడు కాదు...

కరువొచ్చిన ఏడాది. ఎండన పడి నడిచొచ్చిన ఒకామె ఊరి చివరింట్లో గుక్కెడు నీళ్లడిగింది. కడవ నిండా పెట్టుకోని, లేవు పో అనింది ఇంటామె. పొలిమేర దాటకుండానే నీళ్లడిగినామె పడి చచ్చిపోయింది. ఆ పొద్దు నుంచి మిట్టమధ్యాహ్నం ఏదో ఒక ఇంటి ముందర నిలబడి నీళ్లడుగుతాది. ఇస్తే తాగి పోతాది. అంతే. లేవన్నోళ్ల ఇంట్లో... ఎన్ని నీళ్లు పోసినా తెల్లారేసరికి కడవ ఖాళీ. అడుగున తడి చేతి గుర్తు.

అరుపుల్లేవు. నెత్తురు లేదు. అయినా వీపు మీద చన్నీళ్లు పోసినట్లుండేది.

"మొగం ఎట్లుంటాది జేజీ?" అని ఒకసారి నేనే అడిగినా.

"అందరి మాదిరే."

"మరి దయ్యమని ఎట్ల గుర్తుపట్టేది?"

"పట్టలేవు నాయనా. అందుకే అడిగినోళ్లందరికీ ఇయ్యాల."

కథ అదే. ఆ తర్వాత గాజులమ్మేటామె వచ్చినా, గొర్లు కాసేటాయన వచ్చినా, వణుక్కుంటానే చెంబు తీస్కపోయేవాళ్లం. ఓబులేసు సగం నీళ్లు దోవలోనే ఒలకబోసేవాడు.

నేను సదివింది తొమ్మిదే. ఎర్రగుంట్ల కాడ రాళ్ల పాలిష్ మిషన్ మీద పని. దొరికిన పాత పుస్తకమల్లా చదువుకున్నా. నాకు అర్థమయిందొకటే... నిజంగా భయపెట్టే పాత కథల్లో దయ్యం దూరంగానే నిలబడతాది. దగ్గరికొచ్చేది మనం చేసిన తప్పు.

నువ్వేం చేసినావు ఓబులేసూ? ఆమెకు కడవ దయ్యమని పేరు పెట్టినావు, కోరలు పెట్టినావు. నోట్లో నెత్తురు పోసినావు. మా జేజి చివరి మాట తీసేసి, "మధ్యాహ్నం ఆడమనిషి నీళ్లడిగితే తలుపు తీయకండి, పదిమందికి పంపండి" అని పెట్టినావు.

పోయిన మంగళవారం మధ్యాహ్నం మా యమ్మ సీతాపండ్ల గంప ఎత్తుకోని రాయచోటిలో తిరుగుతాంది. కండ్లు తిరిగి, ఒకింటి ముందర నిలబడి నీళ్లడిగింది. లోపల పిల్లోళ్లు "కడవ దయ్యం! కడవ దయ్యం!" అని కేకలేసి గడియ పెట్టినారు. కిటికీలోంచి ఒకడు వీడియో తీస్తాండాడంట. మా యమ్మ మెట్టు మీదే కూలబడింది. పక్కింటి సాయిబులామె పరిగెత్తుకొచ్చి, "తాగు అక్కా" అని చెంబు నోటికాడ పెట్టింది.

ఇంటికొచ్చి మా యమ్మ నన్నడిగిన మాట... "నేను దయ్యం మాదిరుండానా రా?"

నీకు ఫోన్ చేస్తే నవ్వినావు. "కథే కదప్పా! నెత్తురు లేకపోతే హాలోవీన్‌కు ఎవడు చూస్తాడు? మీ జేజి కథ శానా చప్పగుండాది" అంటివి.

థూ! అంత చప్పటి కథకు భయపడి, విన్న పొద్దు మా జేజి కొంగు పట్టుకోని ఇంటిదాకా దిగబెట్టించుకునింది ఎవడప్పా?

ఆ కథ విని మేం తలుపులు తీసినాం... ఇప్పుడు అదే కథ చూసి గడియలు పెట్టుకుంటాండారు. మీ ఇండ్లల్లో కూడా ఇట్లాంటి కథ విని ఉంటే, మీ పెద్దోళ్లు చివర ఏం చెప్పినారో కింద రాయండి. ఈ ఓబులేసు చదవాల.

ఓబులేసూ, నీ వీడియో తీసెయ్. మా జేజి చెప్పినట్లే కథ మొత్తం, చివరి మాటతో సహా, నీ నోటితో చెప్పి పెట్టు. శనివారం మధ్యాహ్నం పన్నెండు లోపల ఈడనే జవాబు రాయాల. నాకు కాదు, మా యమ్మకు. చదివి వినిపిచ్చేది నేను.