పుట్టింటికి వెళ్ళినవాళ్ళ లెక్క

1978లో నేను బందరు పక్కనున్న గూడూరు దగ్గర ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పనిచేసేవాణ్ణి. నా ఉద్యోగం పేరు ‘కంప్యూటర్’. నవ్వకండి, ఆ రోజుల్లో మా శాఖలో లెక్కలు కట్టే గుమాస్తాని అలాగే అనేవారు. గర్భిణీల్లో ఎంతమందికి టీటీ, అంటే ధనుర్వాతం రాకుండా ఇచ్చే ఇంజెక్షన్, రెండు డోసులూ పడ్డాయో నెలనెలా శాతం కట్టి పంపాలి. తల్లికి అది పడకపోతే, ఆ జబ్బు సోకిన పురిటిబిడ్డ వారం పదిరోజుల్లో కొయ్యబారిపోయి చనిపోయేది.

మా శాతం ఎప్పుడూ నిండుగా ఉండేది. డాక్టరుగారు మెచ్చుకునేవారు, నేను మీసం మెలేసేవాణ్ణి. అవి కాకిలెక్కలు కూడా కావు. ఒక్క అంకె నేను కల్పించలేదు.

ఒక మధ్యాహ్నం నర్సు కమలమ్మగారు రిజిస్టరు తిరగేస్తూ మస్తాన్‌బీ పేరు దగ్గర ఆగారు. తొలిచూలు, ఎనిమిదో నెల, పడింది ఒక్క డోసే. పేరు మీద ఎర్రసిరా గీత, పక్కన ‘పుట్టింటికి’ అని నా గుండ్రటి చేతిరాత.

“ఈ పిల్లకి రెండోది ఎవరేస్తారు శాస్త్రిగారూ?”

అక్కడివాళ్ళు వేస్తారండీ అన్నాను. అక్కడి రిజిస్టర్లో ఆ ఇంట్లో ఉండేవాళ్ళ పేర్లే ఉంటాయనీ, పెళ్ళయి వెళ్ళిపోయిన కూతురి పేరు ఉండదనీ ఆవిడ మెల్లగా చెప్పారు. నాకు తల కొట్టేసినట్టయింది. పేజీలు తిప్పితే తొలికాన్పువాళ్ళు దాదాపు అందరూ ఎర్రగీత కిందే ఉన్నారు. వాళ్ళని తీసేసి, మిగిలినవాళ్ళతో కట్టిన శాతం మాది. ఆ పిల్ల పుట్టిల్లు బందరు, అది మన పరిధి కాదు కదండీ అని గొణిగాను. ఆవిడ వినిపించుకోలేదు.

మర్నాడు పొద్దున్నే థర్మాస్ ఫ్లాస్కులో ఐసు వేసి, మందు సీసా పెట్టుకుని ఆవిడ బందరు బస్సెక్కారు. సంచీ మోస్తానని నేనూ వెళ్ళాను. నిజానికి ఆఫీసులో కూర్చోలేకపోయాను. మస్తాన్‌బీ గుమ్మంలో చేటలో బియ్యం ఏరుకుంటోంది. ఆమెను చూశాక ప్రాణం లేచొచ్చింది. కూతురు సూది వేయించుకుంటుంటే వాళ్ళమ్మ కాస్త సందేహిస్తూ అడిగింది.

“నర్సమ్మగారూ, మా సందులో ఇంకో నలుగురు ఆడపిల్లలు పురిటికొచ్చి ఉన్నారండీ. పిలవమంటారా?”

వచ్చారు. ఒకామెది నందివాడ, ఒకామెది మొవ్వ, ఇద్దరు దివిసీమ కోడళ్ళు. నడుం మీద చెయ్యేసుకుని నిదానంగా నడిచి వస్తున్న వాళ్ళని చూసి, అరుగు మీద కూర్చున్న నేను లేచి నిలబడిపోయాను. ఎక్కడో నాలాంటి గుమాస్తా ఒక్క గీతతో కొట్టేసిన మనుషులు వీళ్ళు. కమలమ్మగారు మాత్రం సూదులు మరగబెట్టడానికి నీళ్ళడిగి, ఏ ఊరమ్మా, ఎన్నో నెల అని ఒక్కొక్కరినీ పలకరిస్తూ కూర్చున్నారు. నేను పేర్లు రాసుకున్నాను. అంత భక్తిగా నా జన్మలో ఏదీ రాయలేదు.

నెల తర్వాత మస్తాన్‌బీకి ఆడపిల్ల పుట్టింది. బిడ్డకి పదిరోజులు దాటాయని కబురొచ్చేదాకా నాకు అన్నం సహించలేదు.

తర్వాత ఎవరి పేరూ కొట్టేయలేదు. పుట్టిల్లు ఏ ఊరో, ఏ వీధో రాసుకుని అక్కడి నర్సుకి కార్డు వేసేవాణ్ణి. మా శాతం పడిపోయింది, డాక్టరుగారు చీవాట్లు పెట్టారు, పడ్డాను. ఆ బిడ్డే గనక పోయి ఉంటే, ఆ నెల నా రిపోర్టులో ఒక్క అంకె కూడా మారేది కాదు.