సత్యవతి అత్తయ్యగారి ఉయ్యాల

నాకప్పుడు తొమ్మిదేళ్లు... రామచంద్రపురంలో మా ఇంటి అరుగు మీద కూర్చుని నాన్న పాత పంచెని అమ్మ చింపుతోంది. పుట్టబోయే బిడ్డకి పొత్తిగుడ్డలు. కొత్త గుడ్డ ఒరుసుకుంటుందని, వాడి వాడి మెత్తబడ్డదే పసివాళ్లకి మంచిదని నాకు చెప్పింది. అది నిజమే. కొత్తది కొనే వీలు లేకపోవడమూ నిజమే.

ఆ ఏడు తుఫానుకి నాన్న కౌలుకి చేసిన చేను కోతకి ముందే పడుకుంది. మాది రేకుల ఇల్లు... చీర ఉయ్యాల కట్టుకోవడానికి గట్టి దూలం కూడా లేదు. నాన్న బజారులో చెక్క ఉయ్యాల బేరమాడి, ఉత్త చేతులతో తిరిగొచ్చాడు.

"ఈసారికి చాప మీదే పడుకోబెడదాంలే" అన్నాడు. అమ్మ తలూపింది గానీ, ఇంట్లో చీమల బెడద ఎంతో ఇద్దరికీ తెలుసు.

నాకు మాత్రం ఒక ఉయ్యాల ఎక్కడుందో తెలుసు...

మా ఎదురింట్లో సత్యవతి అత్తయ్యగారు ఒక్కరే ఉండేవారు. భర్త లేరు, పిల్లలు లేరు. గేదె ఉండేది. నేను రోజూ మజ్జిగకి వెళ్లేదాన్ని. వెనక గదిలో దుప్పటి కప్పిన ఉయ్యాల ఒకటి కనిపించేది. మిగతా ఇళ్లలో అయితే పాత ఉయ్యాల నిండా ఉల్లిపాయలో, చింతపండో పోసేవాళ్లు. అత్తయ్యగారు మాత్రం అందులో ఏమీ పెట్టేవారు కాదు.

ఎవరికీ చెప్పకుండా వెళ్లి అడిగేశాను.

"అత్తయ్యగారూ, ఆ ఉయ్యాల మాకిస్తారా? బిడ్డ పెద్దయ్యాక తెచ్చిచ్చేస్తామండి."

ఆవిడ చేతిలో చెంబు అలాగే ఆగిపోయింది. "ఎవరు పంపారమ్మా నిన్ను?"

"ఎవరూ పంపలేదండి."

"ఇంటికెళ్లు" అన్నారు. మజ్జిగ పొయ్యకుండానే తలుపు వేసేశారు.

ఏడుపు మొహంతో వచ్చి అమ్మకి చెప్పాను. కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. సూది పక్కన పెట్టి, ఎనిమిదో నెల కడుపుతో వీధి దాటింది. వెనకే నేనూ వెళ్లాను.

"వదినగారూ, పిల్ల తెలీక అడిగింది. ఏమనుకోకండి" అంది అమ్మ.

"తెలిసినవాళ్లెవరూ నన్నేమీ అడగరులే రమణమ్మా" అన్నారు ఆవిడ. వెనక గది వైపు చూసి, "పదకొండు రోజులు పడుకున్నాడు వాడు అందులో... మళ్లీ ఎవరినీ పడుకోబెట్టలేదు. మీకొద్దు. ఊరు ఊరుకోదు" అన్నారు.

అమ్మ గుమ్మం పట్టుకుని నిలబడింది. "మీకు ఇవ్వాలని లేకపోతే సరేనండి. ఉంటే మాత్రం, ఊరి సంగతి నాకొదిలెయ్యండి."

మర్నాడు పొద్దున్నే నాన్నని పిలిచి ఆవిడే ఉయ్యాల ఇచ్చారు. లోపల చిన్న మూట... వెనక నాడాలు కట్టే బుల్లి చొక్కాలు, ఆవిడ చేత్తో కుట్టినవి. సగం చొక్కాలు ఎవరూ తొడగనివే.

ఊరు నిజంగానే ఊరుకోలేదు. పక్కింటావిడ వచ్చి, "పోయిన బిడ్డ బట్టలు ఎలా వేస్తావే?" అని గట్టిగానే అడిగింది. "వేణ్ణీళ్లలో ఉతికాను, రెండ్రోజులు ఎండలో వేశాను. ఇంకేం చెయ్యాలండి బట్టలకి?" అంది అమ్మ. అంతే, మళ్లీ ఆ మాట రానివ్వలేదు. కానీ నీళ్ల గదిలో అమ్మ ఒక్కతే కళ్లు తుడుచుకోవడం నేను చూశాను. ఆమెకీ భయమేసిందని ఇప్పుడు తెలుస్తోంది...

తమ్ముడు పుట్టాడు. అమ్మకి పుట్టింట్లో తల్లి లేదు. పీట మీద కూర్చుని, కాళ్లు చాపి, వాడికి నీళ్లు పోసింది సత్యవతి అత్తయ్యగారే. బారసాల నాడు మాత్రం ఆవిడ గుమ్మం బయటే ఉండిపోయారు. ఆడవాళ్లందరూ లోపలికొచ్చాక అమ్మ కేకేసింది.

"వదినగారూ, రండి. ఉయ్యాల్లో మీరే వెయ్యాలి."

ఆవిడ వచ్చి వాణ్ణి పడుకోబెట్టారు. వాడి వీపు కింది నుంచి చేతులు తీయడానికి ఆవిడకి చాలాసేపు పట్టింది...

ఆ తర్వాత మా వీధిలోనే ఇంకో ముగ్గురు పిల్లలు ఆ ఉయ్యాల్లో పెరిగారు. ప్రతి ఇంట్లోనూ తొలి స్నానానికి ఆవిడకే పిలుపు వచ్చేది.

ఇప్పుడు నాకు ఏడో నెల. రాజమండ్రిలో మూడో అంతస్తు ఫ్లాటు. మావారి ఉద్యోగం ఒడిశాలో, నెలకోసారి వస్తారు. అమ్మ పోయి రెండేళ్లయింది. సత్యవతి అత్తయ్యగారు అంతకు ముందే పోయారు.

పసిపిల్లల వస్తువుల ధరలు చూసి భయమేసి, ఎవరో వాడినవి ఫోనులో వెతికి కొన్నాను. నాలుగు వీధుల అవతలే ఇల్లు. ఆటోలో వెళ్లాను. నా వయసు అమ్మాయే తలుపు సగం తీసి, సంచి అందించింది. మంచి బట్టలు, చక్కగా మడతపెట్టి ఉన్నాయి.

"మీకు బాబా అండి, పాపా?" అని అడిగాను.

"పేమెంట్ వచ్చిందండీ, థాంక్యూ" అంది. చెవి దగ్గర ఫోను పెట్టుకుని ఎవరితోనో మాట్లాడుతోంది, పాపం, నా మాట వినిపించలేదేమో. తలుపు పడింది. మెట్ల మీద కాసేపు నిలబడి వచ్చేశాను.

బట్టలన్నీ ఉతికి బాల్కనీలో ఆరేశాను. డబ్బు బాగానే మిగిలింది, కాదనను. కానీ బిడ్డ పుట్టాక ఎత్తుకెళ్లి, "ఇదిగోండి, మీ చొక్కాలో ఎలా ఉన్నాడో చూడండి" అని చూపించడానికి నాకొక గుమ్మం లేదు...

మీ మొదటి చొక్కా ఎవరింటి నుంచి వచ్చిందో మీకు తెలుసా? తెలిస్తే ఆ మనిషి పేరు ఇక్కడ రాయండి. ఈ మధ్యాహ్నాలు చాలా పొడుగ్గా ఉంటున్నాయి... ఒక్కొక్కటీ చదువుకుంటాను.