నా కూతురి కంచంలో రొయ్యలు

నేను ఐదో తరగతి దాకే చదివాను. ఇలా రాయడం ఇదే మొదలు. ఒత్తులూ దీర్ఘాలూ ఎక్కడెక్కడ తప్పాయో నాకే తెలియదు, ఏమీ అనుకోవద్దు. రాస్తుంటే కొంత భయం, ఎక్కువ కోపం.

మాది కృష్ణా జిల్లా, క్రైస్తవులం. మా ఆయన వాళ్ళది గుంటూరు వైపు, వాళ్ళు యూదులు. తెలుగువాళ్ళలో యూదులేమిటని మావాళ్ళు పెళ్ళిలోనే నవ్వారు. వాళ్ళు శనివారం పని చేయరు. రొయ్య, పీత, పొలుసు లేని చేప ముట్టరు. నా చర్చి నాది, ఆయన పద్ధతి ఆయనది అనుకుని చేసుకున్నాం. పుట్టబోయే పిల్లల సంగతి ఇద్దరం ఎత్తలేదు.

దోహాలో, అల్ ముంతజాలో ఒక గదిలో ఉండేవాళ్ళం. ఖతార్‌లో ఫుట్‌బాల్ వరల్డ్ కప్ కోసం స్టేడియాలు కడుతున్న రోజులు. ఆయన అల్ అజీజియా వైపు సైట్‌లో పైపుల పని చూసేవాడు. శుక్రవారం ఒక్కటే సెలవు, శనివారం డ్యూటీ తప్పదు. అరబ్బుల దేశంలో యూదుణ్ణని కారణం చెప్పి సెలవడగడానికి ఆయనకి భయం. బయట ఎవరడిగినా క్రైస్తవులమనే చెప్పేవాళ్ళం, పిల్లకీ అదే నేర్పాం.

"నా శనివారం ఎట్టాగూ పోయింది. పిల్ల తిండన్నా నిలబడాలి" అనేవాడు.

తొమ్మిదేళ్ళ పిల్ల. తను చెయ్యలేనిది దాని నెత్తిన పెట్టాడు. నాకు మండేది. పిల్లకేమో నాన్నంటే ప్రాణం, మాట దాటేది కాదు.

అక్కడ ఆదివారం ఆరాధన కూడా శుక్రవారమే. అయ్యాక ఒక అక్క ఇంట్లో తెలుగువాళ్ళం కలిసి తినేవాళ్ళం. ఆయన రాడు, నేనూ పిల్లా వెళ్ళేవాళ్ళం. ఆ వారం రొయ్యల ఇగురు. మా ఆయన నిజంగా మనవాడేనా అని ఎప్పట్నించో అనుమానపడే మాలో పెద్దావిడ పిల్ల ప్లేటులో వేసింది. పిల్ల పక్కకి నెట్టింది.

"ఏవమ్మా, కృష్ణా జిల్లా దానికి పుట్టి రొయ్య తినదా ఇది?"

"దానికి పడదండీ" అన్నాను.

"దానికి పడదా, వాళ్ళ నాన్నకి పడదా? తినిపించు చూద్దాం. మన బిడ్డో ఆళ్ళ బిడ్డో తేలిపోద్ది."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. సిగ్గుపడి, ఒక ముద్ద కలిపి నా చేత్తోనే నోట్లో పెట్టాను. పిల్ల నా మొహంలోకి చూస్తూ నమిలి మింగింది.

ఇంటికొస్తుంటే దారిలో అడిగింది. "అమ్మా, నాన్నకి చెప్పొద్దా?"

ఒళ్ళు మండిపోయింది. ఆవిడ మీద, ఆయన మీద, అందరికంటే నా మీద. బయట అబద్ధం చెప్పడం నేర్పాం, ఇక ఇంట్లోనూ నేర్పాలా?

నేనే ఆయనకి చెప్పాను. ఆయన వెంటనే స్పీకర్ పెట్టి ఊళ్ళో వాళ్ళన్నకి ఫోన్ చేశాడు.

"తింటే తిననీరా. మనలో తల్లిని బట్టే గదా బిడ్డ. తల్లి మన మనిషి కాదు, ఇంక పిల్ల మనదెట్టా అయిద్ది? ఎన్నిసార్లు చెప్పాలి నీకు?" అన్నారు బావగారు.

పిల్ల పక్కనే కూర్చుని అంతా వింది.

బావగారికి నేనెప్పుడూ ఎదురు చెప్పలేదు. ఆ రోజు ఫోన్ లాక్కున్నాను. "మా చర్చివాళ్ళేమో తింటేనే మా బిడ్డంటారు. మీరేమో తినకపోయినా కాదంటున్నారు. మరి ఇన్నాళ్ళు మీ తమ్ముడు దాని నోరెందుకు కట్టేసినట్టండీ?"

బావగారు ఫోన్ పెట్టేశారు. మా ఆయన వైపు తిరిగాను. "మీ శనివారం కావాలంటే కంపెనీని అడగండి. పిల్ల కంచంలో వెతుక్కోకండి." తల వంచుకున్నాడు. జాలేసింది గానీ కోపం తగ్గలేదు.

పై శుక్రవారం వెళ్ళొద్దనుకుంటూనే మళ్ళీ వెళ్ళాం. పెద్దావిడ మళ్ళీ రొయ్యల గరిటె తెచ్చింది. ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపాను.

"వాళ్ళ నాన్న యూదుడండీ. ఏం తినాలో పిల్లే చెప్పిద్ది. మీరూ కాదు, నేనూ కాదు."

ఆ మాట అక్కడ పదిమందిలో అనడం అదే మొదలు. పెద్దావిడ గరిటె వెనక్కి తీసుకుంది.

"నాకు పప్పు చాలు" అంది పిల్ల.

నేనే లేచి వడ్డించాను. ఆ తర్వాత ఆ ఇంటికి మమ్మల్ని పిలవలేదు. ఇప్పటికీ తలుచుకుంటే కోపమే వస్తుంది.

నాకు చేతనైనట్టు రాశాను. తప్పులుంటే సరిచేసుకుని చదవండి, నన్ను మన్నించండి.