యోనా కాక మలుగుల కాన్పు

మలుగు చేపల కాన్పు కోసం మా క్వార్టర్ల లైను మొత్తం నోరు మూయించిన మనిషి యోనా కాక. మలుగు అంటే పాములా పొడుగ్గా ఉండి, చేతికి చిక్కకుండా జారిపోయే చేప. కాక బొగ్గు గనిలో రిటైరై, మా పక్కనే కొడుకు క్వార్టర్‌లో ఉంటున్నాడు. పెరట్లో సిమెంటు తొట్టి కట్టి, గోదావరి నుంచి ఓ జత తెచ్చి వేశాడు.

"ఉన్నయి ఉన్నట్టు పట్టి తింటే రేపు గోదాట్ల ఏం మిగులుతయి? తొట్టిలనే పిల్లలు పెట్టియ్యాలె," అన్నాడు. బాగానే ఉంది. కాన్పుకు మేమేం చెయ్యాలో చెప్పాకే మా ప్రాణానికొచ్చింది.

"మలుగులకు సిగ్గెక్కువ బిడ్డా. సప్పుడైతే దగ్గరికి రావు. నీ కుక్కర్ విజిల్ ఇటియ్యి."

"మరి అన్నమెట్ల వండాలె కాకా?"

"గంజి వార్చు. మీ అవ్వ వార్చలేదా?"

అలా మా లైనులోని విజిళ్లన్నీ కాక లుంగీ మడతలోకి చేరాయి. టీవీలు గుసగుసలాడాయి. కూరగాయల బండివాడు మైకు ఆపేసి, చేతులతో సొరకాయ ఆకారం చూపించేవాడు. వంకాయ కావాలంటే మేమూ అభినయించాల్సిందే. మలుగు పిల్లలు ఎదిగాక ఇంటికో గిన్నె పులుసు పంపుతానని కాక మాటివ్వడంతో అన్నీ భరించాం.

అందరికంటే పెద్ద భక్తుడు కాకకు అవతలి పక్కింటి ఎల్లేశం. గనిలో కప్పు కూలకుండా సపోర్టులు పెట్టే పని అతనిది. మలుగులు రాకముందు ఓసారి, నైట్ షిఫ్టు దిగి ఎర్రటి కళ్లతో వచ్చాడు. "నిలవడ్డకాడనే కునుకు పడ్డదక్కా. పక్కోడు గుంజకపోతే బొగ్గుపెళ్ల నా మీదనే పడుతుండె," అన్నాడు. ఇప్పుడు మలుగులు బెదురుతాయని చెప్పులు చేత్తో పట్టుకుని ఇంట్లోకి వెళ్తున్నాడు.

కాక నియమంలో ఒక తిరకాసుంది. ఓ వారం కాన్పు గండమనేవాడు. వారం మారగానే విజిళ్లు తిరిగిచ్చేసేవాడు. అప్పుడు తొట్టి పక్కనే క్రికెట్ ఆడినా పలికేవాడు కాదు.

ఒక గండం వారంలో, మధ్యాహ్నమైనా పప్పు ఉడకక, ఒళ్లు మండి నా విజిల్ కోసం వెళ్లాను. తొట్టిలోకి తొంగిచూస్తే ఒకే ఒక్క మలుగు!

"కాకా! ఒక్కదాంతోటి కాన్పెట్లయితది?"

"మెల్లగ! జోడుది ఎప్పుడో మోరీల పడి కొట్టుకపోయింది. ఇంకోటి దొరికితే పెట్టిస్త."

"మరి ఈ సప్పుడు బందెవలికోసం?"

కాక ఎల్లేశం కిటికీ వైపు చూశాడు. లోపల గురక. అప్పుడు వెలిగింది నాకు. గండం వారాలన్నీ ఎల్లేశం నైట్ షిఫ్టు వారాలే.

"మనిషి పండుకున్నడు, సప్పుడు చెయ్యకుండ్రని చెప్పిన. ఒక్కలన్న ఇన్నరా? చేప కాన్పనంగనే విజిళ్లు తెచ్చిచ్చిండ్రు," అన్నాడు కాక.

నాకు రోషం వచ్చింది, నవ్వొచ్చింది. అంతకుమించి ఆ ముసలాయన మీద ప్రేమ పొంగుకొచ్చింది. ఇంతలో తలుపు తీసుకుని ఎల్లేశం కళ్లు నులుముకుంటూ వచ్చాడు.

"మాటలినవడ్డయి. పిల్లలు పెట్టినయా అక్కా?"

"దగ్గర పడ్డది తమ్మీ. నువ్వు తిరిగితే బెదురుతయి. జల్ది పోయి పండుకో!"

ఎల్లేశం మునివేళ్ల మీద వెనక్కి నడిచాడు. నేను విజిల్ అడగకుండానే ఇంటికొచ్చేశాను. ఆ పూట పప్పు పలుకుగానే తిన్నాం.